చీరల పేజీకి ఒక పేరు, కవితలకు ఇంకో పేరు, నంబర్ మాత్రం ఒక్కటే అయితే?

చెల్లె, నీ ప్రశ్న చదివిన. మీది పుట్టపాక దగ్గరి ఊరు, నాయిన మగ్గం నేస్తడు. ఆయన నేసిన చీరలు ఇన్‌స్టాలో పెట్టి అమ్ముదామని నీ ఆలోచన. తీరా నీ పేరు కొట్టి చూస్తే అన్ని సైట్లల్ల వేరే ఎవరో ముందే పట్టుకొని కూసున్నరు. ఇది గాక కవితలు రాసుకునే అకౌంట్ ఇంకోటి ఉంది, అది ఇంట్ల తెల్వదు. రెండిటికీ ఒకే యూజర్‌నేమ్ పెట్టాల్నా, వేర్వేరు పెట్టాల్నా అని అడిగినవ్. చివర్ల, మీ అక్క ఫొటోతోని ఎవరో దొంగ ఐడీ తెరిచిన్రని ఒక ముక్క రాసి వదిలేసినవ్.

సంక్షేపంగ చెప్పాలంటే, చీరల పేజీకి అన్ని చోట్లా ఒక్కటే పేరు పెట్టు, అక్షరం తేడా రావద్దు. కవితల అకౌంట్‌కు ఆ పేరుతోని ఏ సంబంధం లేని పేరు ఉండాలె. అయితే పేర్లు వేరు పెట్టినంత మాత్రాన అకౌంట్లు వేరు కావు. రెండిటి కింద ఉన్న ఫోన్ నంబర్ ఒక్కటే అయితే, పైన ఎంత అందమైన పేరు పెట్టినా దొరికిపోతవు. నేను నల్గొండ గడియారం సెంటర్ కాడ ఆర్కుట్ జమానా సంది నెట్ సెంటర్ నడిపినోణ్ణి, ఇప్పుడు దుకాణాల పేజీలు చూస్తుంట. ఐడీ పోయిందని ఏడ్చుకుంట వచ్చినోళ్లల్ల ఎక్కువ మందికి పోయింది పేరు కాడ కాదు, నంబర్ కాడ.

అక్క సంగతి ఆగేది కాదు, అది ముందు చెప్త. ఆ దొంగ ఐడీ కింద కామెంట్లు పెట్టి తిట్టకండ్రి. తిడితే వాడు యూజర్‌నేమ్ మార్చుకొని, మిమ్మల్ని బ్లాక్ చేసి కూసుంటడు, అప్పుడు మీకు వాని పేజీ కూడా కనపడదు. ముందుగాల ప్రొఫైల్ లింక్ కాపీ చేసి పెట్టుకోండ్రి, యూజర్‌నేమ్ కనపడేటట్టు స్క్రీన్‌షాట్లు తియ్యండ్రి, మెసేజ్‌లు ఎవరికి పోయినయో వాళ్ల ఫోన్ల నుంచి కూడా తెప్పించుకోండ్రి. ఆ తర్వాత రిపోర్ట్ కొట్టాలె. రిపోర్ట్‌లో "ఇంకొకరి లాగ నటిస్తున్నరు" అన్న దారి ఉంటది, అండ్ల పోయి ఎవరి ఫొటో పెట్టిన్రో వాళ్లే కొడితే పని అయితది. చుట్టాలంత కలిసి స్పామ్ అని వంద రిపోర్టులు కొట్టిన దానికన్నా, మీ అక్క గుర్తింపు కార్డుతోని కొట్టిన ఒక్క రిపోర్ట్‌కు బలం ఎక్కువ. ఆమెకు ఇన్‌స్టా అకౌంట్ లేకున్నా ఫారం నింపొచ్చు.

2021ల వచ్చిన ఐటీ నియమాలల్ల ఒకరి లాగ నటించే అకౌంట్ మీద, మార్ఫింగ్ ఫొటోల మీద ఆ మనిషే ఫిర్యాదు చేస్తే 24 గంటల్ల చర్య తీసుకోవాలె అని రాసిన్రు, 2026ల ఆ గడువును రెండు గంటలకు తగ్గించిన్రు. కాబట్టి ఆ కంపెనీల ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు కూడా మెయిల్ పెట్టండ్రి. ఐటీ చట్టంల 66సి, 66డి సెక్షన్లు ఉన్నయి, మూడేండ్ల దాక జైలు, లక్ష దాక జుర్మానా. వాడు ఆ ఐడీతోని ఎవరి దగ్గరన్నా పైసలు గుంజి ఉంటే పైసలు పోయినోళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలె, గంటలు గడిచిన కొద్దీ ఆ పైసలు దొరకవు. పైసల ముచ్చట లేకుంటే సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండ్రి, లేకుంటే ఆడోళ్ల రక్షణ చూసే పోలీసు జట్టు, జిల్లా షీ టీమ్‌కు పోండ్రి. ఆడపిల్ల ఫొటో అని సిగ్గుపడి ఊకుంటే లాభం దొంగోనికే. అన్నట్టు, అక్క తన అసలు అకౌంట్ల ఒక్క మాట స్టేటస్ పెట్టాలె, "ఆ ఐడీ నాది కాదు, పైసలు అడిగితే పంపకుండ్రి" అని. కలెక్టర్ల ఫొటోలే డీపీ పెట్టి పైసలు అడుగుతున్న కాలం ఇది.

ఇంక పేరు సంగతి. నీ పేరు దొరకకపోవుడు నీ ఒక్కదాని బాధ కాదు, మన దిక్కు పేర్లే అట్లుంటయి. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టినోళ్లంత సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి. గుట్ట నర్సింహస్వామికి మొక్కితే యాదగిరి, యాదయ్య, యాదమ్మ. చెర్వుగట్టు దేవుని పేరు మీద లింగస్వామి, రామలింగం. పాలమూరు దిక్కు పోతే కురుమూర్తి, కుర్మయ్య. ఊర్లె ఇది ఎన్నడూ తిప్పలు కాలె. నలుగురు సైదులు ఉంటే మిల్లు సైదులు, పొట్టి సైదులు, బొంబాయి సైదులు, మాస్టరు సైదులు అని ఊరే తేల్చి పెట్టింది, వాళ్లను అడగను కూడా అడగలె. నెట్‌లో ఆ పని మనమే చేసుకోవాలె. చేసుకోమంటే మన పోరగాండ్ల బుద్ధి సక్కగ బండి నంబర్ మీదికి పోతది.

నా సెంటర్ల "సైదులు ఏపీ24" అని ఐడీలు తెరిచినోళ్లు మస్తు మంది. 2014ల తెలంగాణ వచ్చింది, నల్గొండ టీఎస్05 అయింది. 2016 దసరాకు జిల్లాలు విడదీస్తే సూర్యాపేటకు 29, యాదాద్రి భువనగిరికి 30 వచ్చినయి. 2024 మార్చి సంది టీఎస్ పోయి టీజీ వచ్చింది. మహబూబ్‌నగర్ దిక్కు కూడా అంతే. ఏపీ22 అని పెట్టుకున్నోళ్లు టీఎస్06 అయ్యిన్రు, ఆ తర్వాత నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల వేరే జిల్లాలు అయ్యి 31, 32, 33 వచ్చినయి. ఇప్పటికీ ఏపీ24 అని పెట్టుకొని తెలంగాణ పోస్టులు పెడితే కింద కామెంట్లల్ల ఆడుకుంటరు. మీ దగ్గరి ఊరే చూడు, పుట్టపాక అప్పుడు నల్గొండ, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. పేరు పక్కన జిల్లా పొట్టి అక్షరాలు పెట్టకు, పిన్‌కోడ్ పెట్టకు. పుట్టిన సంవత్సరం అసలే పెట్టకు. వయసు తెలుసుడు ఒక్కటే కాదు, సగం మంది పాస్‌వర్డ్‌లల్ల, పిన్‌లల్ల ఉండేది ఆ నాలుగు అంకెలే. ఇగ "అఫీషియల్" అని పెట్టుకునేటోళ్లకు నేను ఏం చెప్పను, నకిలీ ఎవడూ లేనిదే అఫీషియల్ ఎందుకో.

చీరల పేజీకి అందరూ "పోచంపల్లి" అన్న మాట కలుపుతరు. నువ్వు కలపకపోతేనే మంచిదని నా అభిప్రాయం. ఆ మాటతోని వెతికితే వచ్చే పేజీలు ఒడవయి, అండ్ల ప్రింట్ వేసిన గుడ్డను ఇకత్ (నూలుకు ముందే ముడులు కట్టి, రంగు వేసి నేసేది) అని అమ్మేటోళ్లు కూడా ఉన్నరు. పైగా పోచంపల్లి ఇకత్ భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న పేరు, అంటే ఎవరు పడితే వాళ్లు వాడుకునే మాట కాదు. నూనెల నానబెట్టిన నూలుతోని నేసే మీ పుట్టపాక తేలియా రుమాల్‌కు కూడా 2020ల ఆ గుర్తింపు వచ్చింది. అది నాయిన నిజంగ నేస్తుంటే వివరాలల్ల రాయి, ఫొటోలల్ల చూపియ్యి, యూజర్‌నేమ్‌ల ఇరికియ్యకు. మీ ఇంటి పేరు, దాని పక్కన మగ్గం అనో నేత అనో ఒక చిన్న మాట, ఇంతే చాలు. ఇంటి పేరు ఎందుకంటే రేపు నీ పెండ్లి అయినా, మీ తమ్ముడు నడిపినా పేజీ పేరు మారదు.

అది ఇంగ్లీషు అక్షరాలల్ల ఎట్ల రాస్తరనేది అసలు పరీక్ష. సైదులు అన్న పేరుకే డీ తర్వాత హెచ్ పెట్టేటోళ్లు ఉన్నరు, పెట్టనోళ్లు ఉన్నరు. కాబట్టి పేరు అనుకున్నంక మీ మేనమామకో, దోస్తుకో ఫోన్ చేసి నోటితోని చెప్పు, రాసి వాట్సాప్‌ల పంపమను. ఇద్దరు ముగ్గురు ఒకే తీరుగ రాస్తే ఆ పేరు ఖాయం చెయ్యి, తలా ఒక తీరు రాస్తే పక్కన పెట్టెయ్యి. తెలుగు అక్షరాలల్ల పెట్టాలని మనసు ఉంటది, యూట్యూబ్ హ్యాండిల్ అయితే ఇంగ్లీషు కాని లిపులు కూడా తీసుకుంటది, మిగిలిన చోట్ల కుదరదు. పైన కనపడే పేరు, అంటే డిస్‌ప్లే నేమ్, తెలుగుల పెట్టుకో. అది ఎన్నిసార్లు మార్చినా లింక్‌కు ఏం కాదు.

పొడుగు విషయంల ఎక్స్‌ను, అంటే పాత ట్విట్టర్‌ను, కొలత పెట్టుకో. అండ్ల 15 అక్షరాలు దాటనియ్యరు, చుక్క పెట్టనియ్యరు, అండర్‌స్కోర్ ఒక్కటే నడుస్తది. ఇన్‌స్టా, యూట్యూబ్ 30 దాక ఇస్తయి, టెలిగ్రామ్, ఫేస్‌బుక్ కనీసం అయిదు అడుగుతయి. 15 లోపు, చుక్కలు గీతలు లేకుండ ఉత్త అక్షరాల పేరు అయితే అన్ని చోట్లా పడతది. చుక్క సంగతి కొంచెం గమ్మతి. జీమెయిల్‌కు, ఫేస్‌బుక్‌కు చుక్క లెక్కలోకి రాదు, ఉన్నా లేకున్నా ఒక్కటే అకౌంట్. ఇన్‌స్టాలో చుక్క పెడితే అది వేరే మనిషి. దొంగోళ్లు వాడేది దీన్నే, నీ పేరు నడుమ ఒక చుక్కో, చివర ఒక అండర్‌స్కోరో పెట్టి, నీ ఫొటోలే దించుకొని, నీ గిరాకీకే మెసేజ్ పెడతరు. ఎల్ బదులు ఒకటి, ఓ బదులు సున్నా, ఎం బదులు ఆర్ ఎన్ పక్కపక్కన పెట్టేటోళ్లు కూడా ఉన్నరు. అందుకే ఎల్, ఓ ఎక్కువ ఉన్న పేర్లు తీసుకోకపోతే సగం బాధ తప్పుతది.

పేరు కుదిరిన రోజే, వాడినా వాడకున్నా, జీమెయిల్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్, యూట్యూబ్, ఎక్స్, టెలిగ్రామ్ అన్నిట్ల ఆ పేరు పట్టుకో. థ్రెడ్స్‌కు ఇన్‌స్టా పేరే వస్తది. ఫేస్‌బుక్ మొదటిసారి యూజర్‌నేమ్‌లు ఇచ్చింది 2009 జూన్ 13న, మన టైం ప్రకారం పొద్దున తొమ్మిదిన్నరకు. ముందు కొట్టినోళ్లకే పేరు. ఆ పద్ధతి ఇప్పటికీ మారలె.

ఒకసారి పెట్టినంక పేరు మార్చుడు చానా చేటు. ఇన్‌స్టాలో పేరు మార్చినంక పాతది కావాలంటే మామూలుగ 14 రోజుల దాక తిరిగి తీసుకోవచ్చు, ఆ తర్వాత అది ఎవడన్నా తీసుకోవచ్చు. నీ చీరల కవర్ల మీద, విజిటింగ్ కార్డు మీద అచ్చు వేసిన పేరు కొట్టినోళ్లు వాని పేజీకి పోతరు. అట్లని పేరు మన సొంతం అనుకోవద్దు. 2023 జులైలో ట్విట్టర్ పేరు ఎక్స్ అయినప్పుడు, ఆ ఒక్క అక్షరాన్ని ఏండ్ల సంది వాడుకుంటున్నాయన దగ్గరి నుంచి కంపెనీ దాన్ని తీసేసుకుంది, నగదు ఏం ఇయ్యలె. సైట్లు కూడా ఉండయి. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడ్డది. టిక్‌టాక్‌ను 2020 జూన్ 29న మన సర్కారు బంద్ పెట్టింది, దేవరకొండ, అచ్చంపేట దిక్కు తండాల పోరగాండ్లు కొందరికి తెల్లారేసరికి ఫాలోవర్లంత మాయం. అండ్ల అదే పేరుతోని యూట్యూబ్‌ల కూడా ఉన్నోళ్లను జనం వెతుక్కుంట పోయిన్రు, లేనోళ్లు సున్నా నుంచి మొదలుపెట్టిన్రు. అన్ని చోట్లా ఒకే పేరు పట్టుకోమనేది ఇందుకే.

ఇప్పుడు నంబర్. మన ఊర్లల్ల సిమ్ నాయిన ఆధార్ మీదనో అన్న ఆధార్ మీదనో ఉంటది. ఆఫర్ వచ్చిందని సిమ్ మారుస్తరు, పుణెకో బెంగుళూరుకో పనికి పోయినోళ్లు అక్కడ కొత్తది తీసుకుంటరు. పాత నంబర్ రీచార్జ్ లేక బంద్ అయితది. బంద్ అయిన నంబర్‌ను 90 రోజుల దాక వేరేటోళ్లకు ఇయ్యరు, ఆ తర్వాత ఇస్తరు. కొత్తగ ఆ సిమ్ తీసుకున్న మనిషికి నీ ఇన్‌స్టా ఓటీపీలు పోతయి. వానికి దుర్బుద్ధి ఉండాల్సిన పని కూడా లేదు, తన అకౌంట్ తెరుద్దామని నంబర్ కొడితే నీ పేజీ తెరుచుకుంటది. వాట్సాప్ వాళ్లు 45 రోజులు వాడకుండ ఉండి, ఆ తర్వాత వేరే ఫోన్ల తెరిస్తే పాత డేటా తీసేస్తరు గానీ, మిగిలినోళ్లందరూ అట్ల చూడరు. కాబట్టి పేజీని నంబర్ మీద కన్నా మెయిల్ మీద నిలబెట్టు. జీమెయిల్ ఐడీ ఒకసారి డిలీట్ అయితే ఆ పేరు మళ్ల ఎవరికీ ఇయ్యరు. 2013ల యాహూ మాత్రం వాడని ఐడీలను కొత్తోళ్లకు ఇచ్చింది, పాత యాహూ మెయిల్ మీద ఇప్పటికీ ఫేస్‌బుక్ నడిపేటోళ్లు ఉంటే ఈ రోజే మార్చుకోండ్రి. గూగుల్ కూడా రెండేండ్లు ముట్టకపోతే అకౌంట్ తీసేస్తదని గుర్తుంచుకో.

ఇంకోటి, పేజీని డిజైన్ చేసే పిలగాని మెయిల్ మీద తెరవనియ్యకు. మిర్యాలగూడల ఒక బట్టల దుకాణం పేజీ అట్లనే అయింది. కట్టి నిలబెట్టిన పోరడు జీతం పంచాయితీల పని మానేసిండు, పేజీ వానితోనే పోయింది. దుకాణం సేటు ఆధార్ కార్డు, జీఎస్టీ కాయితాలు, షాపు ఫొటో అన్నీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టిండు. కంపెనీ అడిగింది ఒక్కటే, అకౌంట్‌కు ఇచ్చిన మెయిల్ ఏది అని. అది ఆయనకు తెల్వదు.

కవితల అకౌంట్ సంగతి దీనికి పూర్తిగ ఉల్టా. అక్కడ నీకు కావాల్సింది దొరకకుండ ఉండుడు. ఎనుకట కలం పేరుతోని రాస్తే అసలు పేరు పత్రికాఫీసుల ఒక్కరికే తెలిసేది, అది కూడా మనియార్డర్ పంపాలె కాబట్టి. ఇప్పుడు నీ ఫోన్లనే నీ సాక్షులు పది మంది ఉన్నరు.

మొట్టమొదటిది, ఎన్నడో ఇంటర్ల ఉన్నప్పుడు పెట్టుకున్న ముద్దు పేరును మళ్ల వాడుడు. మామూలు పేర్ల కన్నా వింత పేర్లే తొందరగ పట్టిస్తయి. లింగస్వామి అని వెతికితే వేల మంది వస్తరు, "వెన్నెల మగ్గం" లాంటిది వెతికితే నువ్వొక్కదానివే వస్తవు. ఫ్రాన్స్‌ల ఇన్రియా అనే సంస్థ పరిశోధకులు 2011లనే యూజర్‌నేమ్ ఒక్కదానితోని ఒక మనిషి వేర్వేరు అకౌంట్లను ఎట్ల జత చెయ్యొచ్చో చూపెట్టిన్రు. ఇప్పుడు షెర్లాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఒక పేరు ఇస్తే వందల సైట్లు గాలించి జాబితా ఇస్తది, నడిపిచ్చుడు పెద్ద విద్య కాదు.

రెండోది ఆ నంబరే. మా దిక్కు ఒక సారు ట్విట్టర్ల దొంగ పేరుతోని బదిలీల మీద జోకులు రాసేటోడు. స్టాఫ్‌రూంల అందరూ చదివి నవ్వుతుంటే తను కూడా నవ్వేది. ఒకనాడు తోటి సారు ఊకె ఆ పేరు కొట్టి "పాస్‌వర్డ్ మర్చిపోయిన" అన్నది నొక్కిండు. నంబర్ చివరి రెండు అంకెలు, మెయిల్ మొదటి రెండు అక్షరాలు తెర మీద పడ్డయి. అందరూ ఫోన్లు తీసి కాంటాక్ట్స్ చూసుకునుడు మొదలుపెట్టిన్రు. చాయ్ గ్లాసులు ఖాళీ అయ్యే లోపట సంగతి తేలింది. ఎక్స్ సెట్టింగులల్ల "పాస్‌వర్డ్ రీసెట్ ప్రొటెక్ట్" అని ఉంటది, అది ఆన్ చేస్తే నంబరో మెయిలో ముందు కొట్టంది ఏం చూపియ్యదు. ఎంత మంది ఆన్ చేస్తరు?

ఇన్‌స్టాలో కాంటాక్ట్స్ అప్‌లోడ్ బంద్ పెట్టు, లేకుంటే మీ బావకు "నీకు తెలిసినోళ్లు" అని నీ కవితల పేజీయే చూపిస్తది. రెండు అకౌంట్లను ఒకే అకౌంట్స్ సెంటర్ల (ఇన్‌స్టా, ఫేస్‌బుక్ అకౌంట్లను జత చేసే సెట్టింగు) కలపకు. కవితల అకౌంట్‌తోని చీరల పేజీని ఫాలో కాకు, లైక్ కూడా కొట్టకు. టెలిగ్రామ్‌ల చేరినవంటే నీ నంబర్ సేవ్ చేసుకున్నోళ్లకు నువ్వు వచ్చినవని కబురు పోతది, నంబర్ ఎవరికీ కనపడకుండ ప్రైవసీల పెట్టుకో. యూపీఐ ఐడీని మాత్రం ఎన్నడూ ఆ కలం పేరుతోని పెట్టకు. ఐడీ కొట్టంగనే బ్యాంకుల ఉన్న పూర్తి పేరు అవతలోళ్లకు కనపడ్తది, పైసా పంపాల్సిన పని కూడా లేదు. చీరల పేజీకి ఇదే పని లాభం. స్కాన్ చేస్తే నాయిన పేరు వస్తదని పేజీలనే ముందు రాసి పెట్టు, వేరే పేరు వస్తే పంపొద్దని గిరాకీకి చెప్పు.

ఇవన్నీ చేసినా కవితలే పట్టిచ్చే అవకాశం ఉంది. చిటికి కట్టిన, అంటే రంగు అంటకుండ ముడులు వేసిన నూలు మీద, ఆముదం, బూడిద కలిపి నానబెట్టిన పోగుల వాసన మీద ఒక కవిత రాసినవ్ అనుకో. కింద ఊరి పేరు లేకున్నా, ఆ పని తెలిసిన ఊర్లు ఎన్ని ఉన్నయి చెప్పు? అట్లని రాయొద్దంటలేను. నువ్వు రాయాల్సింది అదే. ఆ కవితను అదే వారం చీరల పేజీల నువ్వు పెట్టిన మగ్గం ఫొటో పక్కన పెట్టి చూస్తే ఎవరికైనా అర్థమైతది, కొన్ని నెలలు ఆగి పెట్టు. అదే ఫొటోను రెండు చోట్ల అసలే వాడకు. ఒక సంగతి దాచకుండ చెప్తున్న, ఈ జాగ్రత్తలన్నీ చుట్టాల నుంచి, ఊరోళ్ల నుంచి కాపాడతయి. పోలీసులు అడిగితే కంపెనీ వివరాలు ఇస్తది. కవితలకు అంత దూరం రాదనుకో.

నువ్వు రాయని ముచ్చట ఒకటి ఉంది, ఆ కవితల అకౌంట్ ఏ నంబర్ మీద తెరిచినవో. ఇంట్లోళ్ల ఫోన్ నంబర్ అయితే ముందుగాల కొత్త మెయిల్ చేసి అకౌంట్‌కు కలుపు, కన్ఫర్మ్ చెయ్యి. అటెన్క లాగిన్ కోడ్‌లు నీ ఫోన్లనే చూపే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకొని, అది ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు కాయితం మీద రాసుకో. నంబర్ తీసేసుడు అన్నిటికన్నా చివరి పని. ఈ వరుస ఉల్టా చేసి నంబర్ ముందు తీసేస్తే, కన్ఫర్మ్ కాని మెయిల్‌తోని లోపటికి పోనియ్యదు, ఓటీపీ ఇంట్ల ఫోన్‌కే పోతది.